బిల్లు రాకముందే మాట్లాడుకుందాం చెల్లె

చెల్లె, కొంచెంసేపు పని పక్కకు పెట్టి కూసో. నలుగుర్ల అడగడానికి మొహమాటపడి, ఇంటికొచ్చినంక మనసుల నానబెట్టుకునే ముచ్చట ఒకటున్నది. అందరం కలిసి హోటల్‌కు పోయి తింటం కదా, ఆ బిల్లు ఎవరు ఎంత కట్టాలె?

పైసల మాట తీస్తే సోపతి చెడుతదని మనకు చిన్నప్పటి నుంచి చెప్పుకొచ్చిన్రు. నేను చూసింది మాత్రం దానికి ఎదురు. పైసల మాట ముందుగాల మాట్లాడుకున్న దోస్తులు ఇప్పటికీ కలుస్తనే ఉన్నరు. "పోనీ తియ్యి" అని మింగినోళ్లే ఒక్కొక్కరుగ దూరమైన్రు.

వెనకట మనం బయట తిన్నదెక్కడ? ధర్మపురికో, వేములాడకో, కొండగట్టుకో పోతే సద్ది కట్టుకొని పోయేది. లేకుంటే అక్కడనే చెట్ల కింద మూడు రాళ్లు పెట్టి వండుకునేది. ఒకరు బియ్యం తెస్తే ఒకరు పప్పు, ఒకరు నూనె తెచ్చేది. ఎవరిది ఎక్కువ, ఎవరిది తక్కువ అని లెక్క తీసే పనే ఉండకపోయేది. ఇప్పుడు జగిత్యాల పోయినా, కోరుట్ల పోయినా, సిరిసిల్ల పోయినా మండి బోర్డు కనపడతది. ఎక్కడి యెమెన్ తిండి! మనోళ్లు గల్ఫ్ పోయి ఆ రుచి మోసుకొచ్చిన్రు. పరుపు మీద చుట్టూ కూసొని, నడుమ పెద్ద పళ్లెం పెట్టుకొని, నవ్వుకుంట తింటుంటే ఎంత బాగుంటదో. పదో తరగతి బ్యాచ్ కలిస్తే అక్కడనే, బతుకమ్మకు పుట్టింటికొచ్చిన ఆడబిడ్డలు కలిస్తే అక్కడనే. సిరిసిల్ల దిక్కు పెద్దూరు అప్పారెల్ పార్కుల కుట్టే పిల్లలు జీతం పడ్డనాడు కలిసి పోయేది కూడ ఇసొంటి కాడికే. ఆడోళ్లు తమ పైసలతోని, తమ దోస్తులతోని బయటికి పోయి తింటున్నరంటే నాకు మస్తు సంబురం. అందుకే ఈ బిల్లు పంచాయితీ ఆ సంబురాన్ని చెడగొట్టొద్దని ఇంత చెప్తున్న.

ఒక్క పళ్లెం చుట్టూ కూసున్నంత మాత్రాన అందరి సంపాదన ఒక్కతీరు ఉండదు చెల్లె. ఒకామె సర్కారు బడిల పంతులమ్మ. ఒకామె బట్టల దుకాణం నడుపుతది. ఒకామె సాంచల కాడ కండెలు చుడుతది. ఇంకొకామె బీడీలు చేస్తది. చిన్నప్పుడు ఒక్క బెంచీ మీద కూసున్నోళ్లే, ఇప్పుడు ఒక్కొక్కరి బతుకు ఒక్కో తీరు.

కోరుట్ల దిక్కు నాకు తెలిసిన చెల్లె ఒకామె ఉన్నది. బీడీలే ఆమె పని. బీడీకి కూలి వెయ్యికి ఇంత అని లెక్క. ఒక కట్టకు 25 బీడీలు, వెయ్యి కావాలంటే 40 కట్టలు. తునికాకు తడిపి, కత్తిరించి, తంబాకు పోసి చుట్టి, దారం కట్టి, మూతి మలవాలె. పొద్దున కూసుంటే పొద్దుమూకేదాక నడుం లేవది. ఆమె ఒకసారి నాతోని అన్నది: "అక్కా, మెనూ కార్డు చూస్తే నాకు రూపాయలు కనపడయి, కట్టలు కనపడతయి. ఈ ప్లేటుకు ఎన్ని కట్టలు చెయ్యాలె అని మనసు లెక్క పెట్టుకుంటనే ఉంటది."

ఆమె దోస్తులతోని మండి హోటల్‌కు పోయింది. ఆనాడు సోమారం. వేములాడ రాజన్నకు మొక్కుకున్నది, నీసు ముట్టది. మన దిక్కు ఇది మామూలే కదా, సోమారం రాజన్న, మంగళారం శనివారం కొండగట్టు అంజన్న, ఎవరి ఒక్కపొద్దు వాళ్లది. ఆమె కూరగాయల ఫ్రైడ్ రైస్ చెప్పుకున్నది. మిగిలినోళ్లు మండి, చికెన్ 65 తెప్పించుకున్నరు. ఆఖరుకు సోంపు గిన్నెతోని బిల్లు వచ్చింది. ఒకామె ఫోన్‌ల లెక్క కొట్టి "తలా ఇంత" అన్నది. ఈ చెల్లె నవ్వుకుంటనే ఇచ్చింది. ఇంకోసారి పిలిస్తే "ఇంట్ల పనున్నది" అన్నది. ఆ తర్వాత పిలిస్తే పానం బాగలేదన్నది. ఆ తర్వాత ఆమెను పిలుసుడే బంద్ చేసిన్రు. ఆమె ఎందుకు రావట్లేదో ఒక్కరు కూడ అడగలేదు. చెడ్డోళ్లయి అట్ల చేసిన్రని అనను. వాళ్లకు ఆ లెక్క తట్టనే లేదు.

కాయిదం మీద వేసి చూద్దాం. రేట్లు హోటల్‌కు ఒక తీరుంటయి గనుక ఇవి మచ్చుకే అనుకో. ఆరుగురు పోయిన్రు. నలుగురు తినే మండి రూ.1,200. చికెన్ 65 రెండు ప్లేట్లు రూ.560, అది కూడ ఆ నలుగురే తిన్నరు. నీసు తినని ఇద్దరివి రెండు ఫ్రైడ్ రైసులు రూ.360. అందరూ తలా ఇంత తీసుకున్న పనీర్ ప్లేటు రూ.240, ఆరు కూల్‌డ్రింకులు రూ.240. మొత్తం రూ.2,600. దాని మీద 5 శాతం జీఎస్టీ రూ.130. కట్టాల్సింది రూ.2,730.

సమానంగ పంచితే తలా రూ.455. తిన్నదాని లెక్కన పంచితే? నీసు తిన్న నలుగురికి ఒక్కొక్కరికి మండిల రూ.300, చికెన్ల రూ.140, పనీర్ రూ.40, కూల్‌డ్రింక్ రూ.40, పన్నుతోని రూ.546. నీసు తినని ఇద్దరికి రైస్ రూ.180, పనీర్ రూ.40, కూల్‌డ్రింక్ రూ.40, పన్నుతోని రూ.273. అంటే సమానం అని పంచిన కాడ ఆ ఇద్దరు తలా రూ.182 మిగిలినోళ్ల తిండికి కట్టిన్రు. తిన్న నలుగురికి తలా రూ.91 కలిసొచ్చింది. పంతులమ్మకు రూ.91 కలిసొచ్చినట్టు కూడ తెల్వది. బీడీల చెల్లెకు మాత్రం ఆ రూ.182 కండ్ల ముందు కట్టలు కట్టలుగ కనపడతది.

ఇంత లెక్క హోటల్ల కూసొని ఎవరు చేస్తరు అక్కా అంటవేమో. మన ఊర్లల్ల దసరాకు పోగులు ఎట్ల వేస్తరో యాది చేసుకో. నాలుగైదిండ్లోళ్లు కలిసి ఒక యాటను కొంటరు. కోసి, ముక్కలు చేసి, ఎన్ని వంతులుంటే అన్ని కుప్పలు పెడతరు. ఒక్క పోగుల ఎముకలెక్కువ పడితే తీసి ఇంకో దాంట్ల వేస్తరు. కార్జం ఒక్కరికే పోవద్దని తునకలు తునకలు చేసి అన్నిట్ల వేస్తరు. చుట్టూ నిలబడ్డోళ్లు చూస్తనే ఉంటరు, "అగో దాంట్ల తక్కువున్నది" అని మొహం మీదనే అంటరు. ఎవ్వరికీ కోపం రాదు. అందరూ సమానంగ తీసుకపోతరు గనుక పైసలు కూడ సమానమే. వంతు తీసుకోనోళ్ల దగ్గర పైసలు అడగరు. పండుగపూట మాంసం కాడ ఇంత సక్కగ పంచుకునేటోళ్లం, హోటల్ల మాట పెగలక కూసుంటం.

బిల్లును కూడ అట్లనే రెండు పోగులు చెయ్యాలె. అందరూ తిన్నది ఒక పోగు, కొందరే తిన్నది ఇంకో పోగు. అందరిది అందరికి, కొందరిది ఆ కొందరికే. అంతకంటె లోతుకు పోవద్దంట నేను. ఎవరు రెండు ముక్కలు ఎక్కువ తిన్నరు, ఎవరు సగం కూల్‌డ్రింక్ వదిలేసిన్రు అని తీస్తే అది దావత్ అనిపించుకోదు. అందరూ ఒక్క పళ్లెంలనే తిన్నరా, ఇగ సమానమే మేలు. పది ఇరవై రూపాయల తేడా వదిలెయ్యి. ఆ తేడా మీల ఎవరన్న ఒకరి సగం దినం కూలి అంత ఉన్నదంటే మాత్రం కాయిదం తియ్యాలె.

ఇంకా సులువున్నది. ఆర్డర్ ఇచ్చేటప్పుడే "తమ్మి, ఈ ఇద్దరిది బిల్లు వేరే కొట్టు" అని చెప్తే అయిపాయె. తిన్నంక చెప్తే ఆ పిల్లగానికి కష్టం, ముందుగాల చెప్తే కష్టమేం లేదు. పార్సిల్ కట్టించుకున్నోళ్లు దాని బిల్లు వేరే చేయించుకోవాలె. ఇంట్ల ఆయనకు, పిల్లలకు రెండు బిర్యానీలు కట్టించుకొని, అది కూడ తలా ఇంతల కలిపితే మిగిలినోళ్లు పైకి అనరు గాని గుర్తు పెట్టుకుంటరు. పిల్లల సంగతి కూడ అంతే. తల్లి పళ్లెంల నాలుగు మెతుకులు తినే పసిపిల్లకు లెక్కేంది? పదేండ్ల పోరడు నిండు ప్లేటు తింటే మాత్రం, ఎవరో అనేదాక ఆగకుండ తల్లే "మా వానిది కూడ వేసుకోండ్రి" అనాలె. ఆ మాట ఆమె నోటి నుంచి వస్తేనే అందం.

సమానంగ పంచుకుంటే మనిషి చెయ్యి కొంచెం పెద్ద ప్లేటు దిక్కే పోతది. దీన్ని లెక్కకట్టి చూసినోళ్లు కూడ ఉన్నరు. ఇజ్రాయెల్ దేశంల హైఫా అనే ఊర్ల యూరి గ్నీజీ, ఎర్నాన్ హరువీ, హడాస్ యాఫే అనేటోళ్లు ముగ్గురు ఒక పరీక్ష పెట్టిన్రు. 2004ల ఎకనామిక్ జర్నల్‌ల అచ్చయింది. ఒకరికొకరు ఎరుకలేని ఆరుగురిని ఒక బల్ల కాడ కూసోబెట్టిన్రు. ఎవరిది వాళ్లు కట్టుకోవాలె అన్న కాడ మనిషికి సుమారు 37 షెకెల్‌ల (అక్కడి పైసలు) తిండి చెప్పుకున్నరు. మొత్తం ఆరు వంతులు చేస్తం అన్న కాడ అది 51 అయింది. అంతా మేమే కడతం అన్నరో, 82కు ఎక్కింది. చిత్రమేందంటే, ముందుగాల అడిగితే నూటికి 80 మంది ఎవరిది వాళ్లు కట్టుకునుడే మంచిదన్నరట. మనసుల ఒకటి, బల్ల కాడ ఒకటి. సముద్రాల అవతల కూడ మనసు మన అసొంటిదే ఉన్నది.

ఆ పరీక్షల కూసున్నోళ్లకు ఒకరికొకరు తెల్వదు గనుక ఇంకొకరి పైసలతోని తినడానికి జంకలేదేమో. దోస్తుల కాడ ఇంకో బాధ కూడ ఉంటది. పైసలు తక్కువున్న మనిషి తగ్గించి చెప్పుకుంటది, మళ్ల ఎక్కువ తిన్నోళ్లతోని సమానంగ కడతది. రెండుదిక్కుల పోతది ఆమెకు.

ఇగ గల్ఫ్ నుంచి వచ్చినోళ్ల సంగతి. మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపక్కల దుబాయి, మస్కట్, బహ్రెయిన్ పోయిన మనిషి లేని వాడకట్టు ఉన్నదా? అక్కడ రూంల వాళ్లు ఎట్ల బతుకుతరో మీ ఇంట్లోళ్లను అడిగితే చెప్తరు. ఒక్క రూంల ఆరుగురో ఎనిమిదిమందో ఉంటరు. మెస్ అని పెట్టుకుంటరు. బియ్యం, నూనె, కోడికూర ఎవరు తెచ్చినా పుస్తకంల రాస్తరు. నెల పడంగనే కూడి పంచుకుంటరు. ఒకాయన సెలవు మీద ఊరికి పోతే ఆ దినాలు తీసేస్తరు. వంట కూడ వంతులే. దిర్హానికి దిర్హం లెక్క తీస్తరు, మళ్ల అదే పళ్లెంల కలిసి తింటరు. ఒకరికి పానం మీదికి వస్తే ఆ రూమోళ్లే ముందుగాల ఉరుకుతరు. పైసల లెక్క వాళ్ల నడుమ ప్రేమను చంపలేదు కదా.

అదే మనిషి రెండు నెలల సెలవుకు ఊరికొస్తడు. వారంల నాలుగు దావత్‌లు. బిల్లు వచ్చిందంటే అందరి కండ్లు ఆయన దిక్కే. "దుబాయి సేటువి, నీకో లెక్కనా" అంటరు. పక్కన కూసున్న ఆయన భార్యకు తెలుసు, వీసాకు ఏజెంటు చేతుల పోసిన అప్పుకు మిత్తి ఇంకా నడుస్తున్నదని. ఆమె ఏం అనలేదు, ఆయన కాదనలేడు. ఆయన మళ్ల విమానమెక్కినంక కూడ ఆమెను ఊకోరు, "మీ ఆయన గల్ఫ్ల ఉన్నడు, నీకేం తక్కువ" అని బిల్లు ఆమె దిక్కు జరుపుతరు. ఇది తప్పు చెల్లె. గట్టిగనే చెప్తున్న. ఎడారి ఎండల చెమటోడ్చి తెచ్చిన పైసలవి. ఆయనే పిలిచి దావత్ ఇస్తే సంతోషంగ తిందాం. మనం పిలిస్తే ఆయన వంతు మనం కడదాం, లేదంటే అందరితోపాటు ఒక్క వంతు కట్టనిద్దాం.

అందుకే పిలిచేటప్పుడే తేల్చి చెప్పాలె. నీ పుట్టినరోజుకు నువ్వు పిలుస్తున్నవా, బిల్లు నీదే. అందరం కలుసుకుందాం అనుకున్నమా, అందరిది. నడుమ గాలికి వదిలేస్తే "ఆమె పిలిచింది కదా, ఆమెనే కడతదనుకున్న" అని ఒకరు, "నేనెప్పుడన్న?" అని ఇంకొకరు.

బిల్లు పంచుకునే ముందు ఆ కాయిదం ఒక్కసారి పైనుంచి కిందిదాక చదువు. ఆరుగురికి పంచితే తలా ఇరవై ముప్పయే కదా అని తప్పు పడ్డది కూడ ఎవరూ అడగరు. మామూలు రెస్టారెంట్ల జీఎస్టీ 5 శాతం, 2017 నవంబర్ నుంచి అదే నడుస్తున్నది. కేంద్రానికి రెండున్నర, రాష్ట్రానికి రెండున్నర అని రెండు వరుసల్ల ఉంటది. జీఎస్టీ వేసిన బిల్లు మీద హోటల్ జీఎస్టీ నంబర్ ఉండాలె. మన తెలంగాణది అయితే అది 36తోని మొదలైతది. కొన్ని చిన్న హోటల్లు జీఎస్టీల కాంపొజిషన్ అనే పద్ధతిల ఉంటయి, అవి తిన్నోళ్ల దగ్గర విడిగ జీఎస్టీ వసూలు చెయ్యొద్దు. ఇగ హైదరాబాద్ అసొంటి కాడికి పోయినప్పుడు బిల్లుల సర్వీస్ చార్జ్ అని ఇంకోటి కనపడతది. అది పన్ను కాదు. అడగకుండ బిల్లుల కలపొద్దని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైల చెప్పింది. హోటలోళ్లు కోర్టుకు పోతే, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిల ఆ మాటే సరైందన్నది. తీసెయ్యమని అడుగు. తియ్యకపోతే 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టొచ్చు. వడ్డించిన పిల్లగానికి ఇయ్యాలనిపిస్తే అతని చేతులనే పెట్టు.

ఒక్కరు కట్టి, మిగిలినోళ్లు తర్వాత ఇచ్చే కాడ ఇంకో చిక్కు. "ఇంటికి పోయి ఫోన్ పే కొడత" అంటరు. ఇంటికి పోతే పొయ్యి, పిల్లలు, పని. మరిచిపోతరు. కట్టినామె అడగలేదు, అడిగితే చులకనైతనని భయం. బల్ల కాడి నుంచి లేవకముందే ఎవరి వంతు వాళ్లు పంపితే ఆ బాధే లేదు. కట్టినామె కూడ గ్రూప్‌ల బిల్లు ఫొటో పెట్టాలె. మహిళా సంఘం మీటింగ్‌ల పుస్తకం అందరి ముంగట చదువుతం కదా, ఇక్కడ సిగ్గెందుకు? మన ఆడోళ్లల్ల ఫోన్ల పైసలు లేనోళ్లు ఇంకా ఉన్నరు. ఫోన్ ఆమెదే, బ్యాంకు ఖాతా ఆయనది. రూ.300 పోతే సాయంత్రం వంద ప్రశ్నలు. అసొంటి చెల్లెలు నోట్లు ఇస్తే "చిల్లర లేదు, ఫోన్ పే చెయ్యి" అని నలుగుర్ల అనకండ్రి. చిల్లర మనమే పట్టుకపోదాం.

దోస్తు దగ్గర నిజంగనే పైసలు లేవని నీకు తెలుసనుకో. కట్టాలనిపిస్తే కట్టు, ఎంతో మంచిది. గాని అందరి ముందు "ఆమెది నేనిస్త తియ్యి" అనకు. చేతులు కడుక్కోవడానికి లేచినట్టు లేచి, కౌంటర్ కాడ కట్టేసి రా. తర్వాత ఆమె ఇంటికి పిలిచి సర్వపిండి చేసి పెడితే కడుపునిండ తిని రా, "ఎందుకు ఖర్చు" అనకు. ఆమె వంతు ఆమె ఇస్తున్నది, ఇయ్యనియ్యాలె.

నువ్వే ఆ పైసలు తక్కువున్న మనిషివైతే? ముందుగాల నోరు తెరువు. కూసునేటప్పుడే "నేను తిన్నది నేనిస్తనే, సరేనా" అని నవ్వుకుంటనే అను. ఆ ఒక్క మాట నువ్వన్నవంటే, నీ పక్కన ఇంకొకామె "నాది కూడ అట్లనే" అంటది. ఆమె కూడ ఎవరన్న అంటే బాగుండు అనుకుంట కూసున్నదన్నమాట. నీ దోస్తులు నిన్ను తక్కువ చెయ్యరు. చేస్తే, వాళ్లతోని కలిసి తినేదేముంది?

దసరా సెలవులకు మళ్ల గ్రూప్‌ల మెసేజ్‌లు మొదలైతయి. నువ్వు ముందుగాల పెట్టు: "ఆదివారం ఒంటిగంటకు కలుద్దాం. తలా రూ.300 లోపట చూసుకుందాం. ఎవరు తిన్నది వాళ్లు కట్టుకుందాం, పార్సిల్‌లు వేరే." రేటు ఎక్కువైతదనుకుంటే ఇంట్లనే కలవండ్రి, తలా ఒకటి వండుకొని రండ్రి. పోయినసారి పనున్నదని, పానం బాగలేదని రాని చెల్లెకు మెసేజ్ పెట్టి ఊకోకు. ఫోన్ చేసి, ఎంత అయితదో చెప్పి, రమ్మని పిలువు.